సబీ శాండ్ సఫారీ లాడ్జిలో బస: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్కు నైరుతి అంచును ఆనుకుని సబీ శాండ్ అనే ప్రైవేటు అభయారణ్యం ఉంది. అక్కడి రెండు నదుల పేర్లు కలిపి దానికి ఆ పేరు పెట్టారు. ఆఫ్రికా సఫారీకి వెళ్దామనుకునే మనవాళ్లు ఎక్కువగా గది గురించి, బాల్కనీలో ఉండే చిన్న ఈతకొలను గురించి అడుగుతుంటారు. అవన్నీ బాగానే ఉంటాయి. కానీ అంత డబ్బు పెట్టి వెళ్లినందుకు నిజంగా దక్కేది ఇద్దరు మనుషుల పనితనం. జీపు ముందు కూర్చుని జంతువుల జాడ పట్టే ట్రాకర్ ఒకరు, జీపు నడిపే రేంజర్ ఇంకొకరు. లాడ్జి ఎంచుకునేటప్పుడు ముందు వాళ్ల గురించి అడగండి, ఆ తర్వాతే గది గురించి అడగండి. కింది జవాబులన్నీ ఆ ఉద్దేశంతో రాసినవే.

క్రూగర్‌లోకే నేరుగా వెళ్లొచ్చు కదా, సబీ శాండ్ ఎందుకు?

వెళ్లొచ్చు. క్రూగర్ దాదాపు 19,500 చదరపు కిలోమీటర్ల అడవి, 1926 నుంచి నేషనల్ పార్కు. దాని పక్కనున్న సబీ శాండ్ సుమారు 65,000 హెక్టార్లు. రెండింటికీ మధ్య ఉన్న కంచెను 1993లో తీసేశారు. అప్పటి నుంచి జంతువులు అటూ ఇటూ స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. కాబట్టి జంతువులు అవే, రూల్స్ వేరు.

క్రూగర్‌లో మీ కారు రోడ్డు దిగకూడదు. సాయంత్రం గేట్లు మూసే వేళకి క్యాంపులో ఉండాలి. సబీ శాండ్‌లో చిరుత పొదల్లోకి వెళ్లిపోతే, నేల పాడవదనుకుంటే రేంజర్ జీపుని దాని వెనకే పొదల్లోకి తీసుకెళ్తాడు. చీకటి పడ్డాక కూడా సెర్చ్‌లైటు వేసుకుని తిరుగుతారు. ఒక జంతువు దగ్గర ఒకేసారి రెండు మూడు బండ్లకు మించి ఉండకుండా రేడియోలో మాట్లాడుకుని వంతులు వేసుకుంటారు. అదే క్రూగర్ తారురోడ్డు మీద సింహం కనిపిస్తే కార్లు బారులు తీరతాయి.

ఇంకో పెద్ద కారణం చిరుతలు. అడవిలో తిరిగే చిరుతల్ని ఇంత దగ్గరగా, ఇంత తీరిగ్గా చూడగలిగే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. తరాల తరబడి బండ్లను చూస్తూ పెరగడం వల్ల ఇక్కడి చిరుతలు జీపుని పట్టించుకోవు.

మసాయి మారా, బోట్స్‌వానా కంటే ఇది మంచిదా?

దేని అందం దానిదే. వేల సంఖ్యలో విల్డబీస్ట్ అనే పెద్ద జింకలు మారా నది దాటే దృశ్యం చూడాలనుంటే జులై నుంచి అక్టోబరు మధ్య కెన్యాలోని మసాయి మారాకి వెళ్లాలి. నీళ్లలో పడవ సఫారీ కావాలంటే బోట్స్‌వానాలోని ఒకవాంగో డెల్టాకు వెళ్లాలి. అంగోలా కొండల్లో కురిసిన వాన నెలల తరబడి ప్రయాణించి, అక్కడ వానల్లేని చలికాలం నడుస్తుండగా డెల్టాని నింపుతుంది. అక్కడి క్యాంపుల్లో చాలావాటికి చిన్న విమానంలోనే వెళ్లాలి కాబట్టి ఖర్చు ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకి, పిల్లలతో వెళ్లేవాళ్లకి, వారం రోజులకి మించి సెలవు దొరకనివాళ్లకి నేను సబీ శాండే చెబుతాను.

ఖర్చు ఎంత? అందులో ఏమేం వస్తాయి?

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పే ధర గదికి కాదు, మనిషికి. వెబ్‌సైట్‌లో చూసిన అంకెను ఇద్దరికి అయితే రెండుతో, ఆపైన రాత్రుల సంఖ్యతో గుణించుకోండి. మామూలుగా బాగుండే లాడ్జిల్లో ఒక్కొక్కరికి రాత్రికి 400 నుంచి 800 డాలర్ల వరకు ఉంటుంది. పేరున్న లాడ్జిల్లో 1,500 డాలర్లు దాటడం మామూలే. ఒక్కరే వెళ్తే అదనంగా వసూలు చేసేవి చాలా ఉన్నాయి.

మూడు పూటల భోజనం, టీ కాఫీలు, రోజుకి రెండు సఫారీలు, చాలాచోట్ల డ్రింకులు కూడా అందులోనే. గేటు దగ్గర కట్టే ప్రవేశ రుసుము, అటవీ సంరక్షణ రుసుము, విమానం టికెట్లు, టిప్పులు బయటి ఖర్చు. బుక్ చేసేముందు ఈ నాలుగింటి గురించీ మెయిల్‌లో రాయించుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు.

ఎన్ని రాత్రులు ఉండాలి?

మూడు. ఇందులో బేరం వద్దు. రెండు రాత్రులంటే నాలుగు సఫారీలే. అందులో ఒకటి వానకి పోయిందనుకోండి, మిగతా వాటిలో అన్నీ కనిపించెయ్యాలన్న ఆత్రమే ఉంటుంది. మూడో రోజుకి ఆ హడావుడి తగ్గుతుంది. పేడపురుగు తన ఉండను దొర్లించుకెళ్తుంటే పది నిమిషాలు చూసే ఓపిక అప్పుడు వస్తుంది. ఒక లాడ్జిలో రెండు రాత్రులు, ఇంకో లాడ్జిలో ఒక రాత్రి అని ముక్కలు చేసుకోవద్దు. రేంజర్‌కి మీ ఇష్టాయిష్టాలు అర్థమయ్యేలోపు మీరు మూట సర్దుకోవాల్సి వస్తుంది.

ఏ నెలలో వెళ్తే మంచిది?

అక్కడి రుతువులు మనకి తలకిందులు. మే నుంచి సెప్టెంబరు దాకా చలి, పొడి వాతావరణం. ఆకు రాలి అడవి పలచబడుతుంది, నీటిగుంటలు ఎండిపోయి జంతువులు మిగిలిన నీళ్ల దగ్గరికే వస్తాయి. జంతువుల్ని చూడడానికి ఇదే అనువైన కాలం. కానీ మన వేసవి సెలవులు కదా అని పల్చటి బట్టలతో వెళ్లారో, జూన్ ఉదయం ఓపెన్ జీపులో పళ్లు టకటకలాడతాయి. పది డిగ్రీల లోపు చలిలో బండి కదులుతుంటే గాలి మొహం మీద కొడుతుంది.

నవంబరు నుంచి మార్చి దాకా ఎండ, వాన, పచ్చదనం. గడ్డి ఏపుగా పెరగడం వల్ల జంతువుల్ని వెతకడం కష్టం. అయితే నవంబరు, డిసెంబరుల్లో ఇంపాలా జింకలు పిల్లల్ని పెడతాయి, వలస పక్షులు వస్తాయి, ఫొటోల్లో ఆకాశం అద్భుతంగా ఉంటుంది. పక్షులంటే ఇష్టమున్నవాళ్లు వానాకాలానికే వెళ్లాలి.

హైదరాబాద్ నుంచి అక్కడిదాకా ఎలా వెళ్లాలి?

దుబాయ్ లేదా దోహా మీదుగా జొహన్నెస్‌బర్గ్ చేరడం చాలామంది ఎంచుకునే దారి. అక్కడి నుంచి విమానంలో మూడు మార్గాలు. క్రూగర్ లోపల స్కుకూజాలో ఉన్న చిన్న విమానాశ్రయానికి వెళ్తే లాడ్జివాళ్లే వచ్చి తీసుకెళ్తారు. ఎంబోంబేలా పట్టణం దగ్గరున్న పెద్ద విమానాశ్రయంలో దిగితే రెండు గంటల పైన రోడ్డు ప్రయాణం. లేదా లాడ్జి సొంత మట్టి రన్‌వే మీదే దిగే చార్టర్ విమానం. ఇందులో సామాను ఒక్కొక్కరికి సుమారు 20 కిలోలే, అదీ మెత్తటి సంచిలోనే. గట్టి సూట్‌కేస్ చిన్న విమానం డిక్కీలో పట్టదు.

జొహన్నెస్‌బర్గ్ నుంచి కారులో అయితే ఐదారు గంటలు. అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగే కాబట్టి అలవాటు పడడం కష్టం కాదు. చీకటి పడేలోపు గేటు దాటేలా బయల్దేరండి. సమయం మనకంటే మూడున్నర గంటలు వెనక, అంతే. అమెరికా ప్రయాణంలా నిద్ర పాడవదు.

వీసా, టీకాల సంగతి?

మన పాస్‌పోర్టుకి దక్షిణాఫ్రికా వీసా ముందే తీసుకోవాలి. పిల్లలు వెంట ఉంటే తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జనన ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి.

దక్షిణాఫ్రికాకి మాత్రమే వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా అక్కర్లేదు. అదే ట్రిప్పులో కెన్యా కూడా కలుపుకుంటే తప్పనిసరి. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆ కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. నైరోబీ, అడిస్ అబాబాల మీదుగా విమానం మారేవాళ్లు కూడా వేయించుకుంటే నిశ్చింత. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు.

మలేరియా భయం ఉందా?

ఉంది, కానీ తక్కువ. సెప్టెంబరు నుంచి మే దాకా ఆ ప్రాంతంలో మలేరియా సీజన్. బయల్దేరే ముందు డాక్టర్‌ని కలిసి మాత్రలు రాయించుకోండి. కొన్ని మాత్రలు తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వేసుకోవాలి, మధ్యలో ఆపేయకూడదు. ఆ దోమ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుడుతుంది కాబట్టి పొద్దువాలగానే నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని దోమల క్రీము రాసుకోవాలి. ఇంటికొచ్చిన కొన్ని వారాలకి జ్వరం వచ్చినా సరే, ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి. గర్భిణులు, చంటిపిల్లలున్నవాళ్లు ఉత్తర కేప్, ఈస్టర్న్ కేప్ వైపున్న మలేరియా లేని అభయారణ్యాలు చూసుకోవడం మేలు.

రోజంతా ఏం చేస్తారు?

వేసవిలో ఐదింటికి, చలికాలంలో ఇంకాస్త ఆలస్యంగా తలుపు తట్టి లేపుతారు. కాఫీ, గట్టి రస్కులు. తెల్లవారే వేళకి బండి కదులుతుంది. మూడు, మూడున్నర గంటల సఫారీ, మధ్యలో సురక్షితమైన చోట దిగి కాఫీ. తొమ్మిదింటికల్లా తిరిగొచ్చి పెద్ద టిఫిన్. తర్వాత మధ్యాహ్నమంతా మీదే. నిద్రపోండి, లేదా నీటిగుంట ఎదురుగా కూర్చోండి. చాలామంది ఈ సమయంలో ఫోన్ పట్టుకుంటారు, అప్పుడే ఏనుగులు గుంట దగ్గరికి వచ్చి వెళ్లిపోతాయి.

మూడున్నరకి టీ, నాలుగింటికి మళ్లీ బండి. పొద్దుగుంకే వేళ ఎక్కడో ఎత్తైన చోట ఆపి డ్రింకులు, చిరుతిళ్లు ఇస్తారు. చీకటి పడ్డాక లైటు వెలుగులో తిరుగు ప్రయాణం. రాత్రి భోజనం ఎక్కువగా బోమాలో పెడతారు. చుట్టూ కర్రల దడి, మధ్యలో మంట, పైన ఆకాశం. జూన్, జులైల్లో వృశ్చిక రాశి దాదాపు నడినెత్తికి వస్తుంది. మన ఊళ్లలో దక్షిణాన కిందికి వాలి కనిపించే తేలుని అక్కడ కొండీతో సహా నిండుగా చూడొచ్చు.

ఓపెన్ జీపు కదా, సింహం మీదికి దూకదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. భయపడడంలో తప్పేమీ లేదు. జీపుకి తలుపులుండవు, కొన్నింటికి పైకప్పు కూడా ఉండదు. అయినా సింహం మూడు మీటర్ల దూరంలో మీ వైపు చూడకుండా నడిచి వెళ్లిపోతుంది. మనుషులతో నిండిన బండిని అది ఒకే పెద్ద ఆకారంగా చూస్తుంది. ఆ ఆకారం తనని ఎన్నడూ వేటాడలేదు, తన వేటను లాక్కోలేదు, తినడానికీ పనికిరాదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నది కాబట్టి పట్టించుకోదు.

ఆ ఆకారం చెదిరితేనే సమస్య. ఒకరు లేచి నిలబడ్డా, చెయ్యి బయటికి చాచినా, కిందికి దిగినా అక్కడ మనిషి ఉన్నాడని దానికి తెలిసిపోతుంది. అందుకే రేంజర్ మొదటి రోజే చెబుతాడు: నిలబడొద్దు, గట్టిగా మాట్లాడొద్దు, కూర్చున్న చోటు నుంచి జారొద్దు. సింహం సరాసరి మీ కళ్లలోకి చూసిన ఆ ఒక్క క్షణం ఒళ్లు జలదరిస్తుంది. కదలకుండా కూర్చోండి, చాలు. ఏనుగుల దగ్గర నియమాలు ఇంకొంచెం కఠినం. ఏనుగు చెవులు విప్పి తల ఊపుతుంటే రేంజర్ బండి వెనక్కి తీస్తాడు. ఇంకో ఫొటో అని అప్పుడు బతిమాలకండి.

ట్రాకర్ అంటే ఎవరు? ఏం చేస్తాడు?

బానెట్ ఎడమ మూలన బయటికి బిగించిన సీటులో కూర్చునే మనిషి. సబీ శాండ్ ట్రాకర్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్లకి చెందిన షాంగాన్ తెగవాళ్లు. చాలామంది తండ్రుల దగ్గర, తాతల దగ్గర ఈ విద్య నేర్చుకున్నవాళ్లు.

అతను పని చేయడం చూడడమే నా దృష్టిలో ఈ ట్రిప్పులో అన్నిటికన్నా గొప్ప సంగతి. పొద్దున్నే ఇసుక దారిలో బండి మెల్లగా పోతుంటుంది. అతను చెయ్యి ఎత్తుతాడు, బండి ఆగుతుంది. దిగి వంగి చూస్తాడు. మనకి ఇసుకలో ఏవో గుంటలు కనిపిస్తాయి. అతనికి ఆడ చిరుత కనిపిస్తుంది. గుర్తు మీద రాత్రి మంచు పడిన చుక్కల మచ్చలు లేవంటే, మంచు కురిశాక నడిచిందన్నమాట. జీపు చక్రాల గీత మీద పాదం పడిందా, పాదం మీద చక్రం పడిందా చూస్తాడు. నిన్న సాయంత్రం ఆ దారిన వెళ్లింది మన బండే కాబట్టి, ఆ తర్వాత వచ్చిందా లేదా దాన్నిబట్టి తెలుస్తుంది. గడ్డి ఏ వైపు వాలిందో చూసి దిశ చెబుతాడు.

ఆ తర్వాత నోరు మూసుకుని వినడమే. కొమ్మ మీద ఉడుత ఆపకుండా కిచకిచమంటుంది. దూరంగా ఇంపాలా ముక్కుతో గట్టిగా చీదినట్టు అరుస్తుంది. ఆ రెండు శబ్దాల మధ్యనున్న పొదవైపు అతను వేలు చూపిస్తాడు. రేంజర్ బండిని పొదల్లోకి తిప్పుతాడు. మారులా చెట్టు కొమ్మ మీద, కాళ్లు రెండు వైపులా వేలాడేసి అది పడుకుని ఉంటుంది. కింద మనం ఉన్నామని దానికి తెలుసు. తోక కొస మాత్రం ఒకసారి కదిలిస్తుంది. సింహమో చిరుతో మరీ దగ్గరైతే ట్రాకర్ తన సీటు వదిలి బండి లోపలికొచ్చి కూర్చుంటాడు.

రేంజర్లు ప్రతి చిరుతనూ విడిగా గుర్తుపడతారు. మీసాల పై వరుసకి ఎగువన రెండు చెంపల మీదా ఉండే చుక్కల్ని లెక్కపెడతారు. ఒకవైపు మూడు, ఇంకోవైపు రెండు ఉంటే అది ఫలానా తల్లి కూతురు అని చెప్పేస్తారు. తల్లి ఎవరో, దాని నేల ఎక్కడిదాకానో, ఎన్ని పిల్లల్ని పోగొట్టుకుందో అడగండి. మీరు ఆసక్తి చూపిస్తే వాళ్లు దాచుకోకుండా చెబుతారు.

బిగ్ ఫైవ్ అన్నీ కచ్చితంగా కనిపిస్తాయా?

సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న. నేల మీద నిలబడి వేటాడడానికి అన్నిటికన్నా ప్రమాదకరమైనవని పాతకాలపు వేటగాళ్లు ఈ ఐదింటినీ ఒక జట్టుగా కట్టారు. మూడు రాత్రుల్లో సబీ శాండ్‌లో ఐదూ కనిపించే అవకాశం చాలా బాగా ఉంటుంది, హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. ఇచ్చారంటే నమ్మకండి.

ఈ లిస్టు టిక్కులు పెట్టుకునే పని వల్ల మంచివి చాలా చేజారతాయి. మచ్చల అడవికుక్కల గుంపు వేటకి బయల్దేరే ముందు ఒకదాన్నొకటి పలకరించుకునే తీరు ఏ సింహం నిద్రకంటే అయినా చూడదగ్గది. చీతాలు ఇక్కడ తక్కువ. 2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌లోని కూనోకి వచ్చిన పన్నెండు చీతాలు దక్షిణాఫ్రికా నుంచి వచ్చినవే కాబట్టి అవి ఎలా ఉన్నాయని రేంజర్లు మననే అడుగుతారు. కొంచెం చదువుకుని వెళ్లండి.

లాడ్జి చుట్టూ కంచె ఉంటుందా? రాత్రి గదిలో భయం లేదా?

చాలా లాడ్జిలకి కంచె ఉండదు, లేదా ఏనుగుల్ని ఆపే ఒకటి రెండు తీగలు మాత్రమే ఉంటాయి. అందువల్ల చీకటి పడ్డాక గది నుంచి భోజనానికైనా ఒంటరిగా నడవకూడదు. ఫోన్ చేస్తే గార్డు టార్చి పట్టుకుని వచ్చి తీసుకెళ్తాడు. ఇరవై అడుగులే కదా అని మొహమాటపడకండి. దారి పక్కన దున్న పడుకుని ఉండొచ్చు, చిరుత దాటుతుండొచ్చు.

గది లోపల మాత్రం ఏ భయమూ లేదు. గోడలు, తలుపులు గట్టివి. రాత్రి వినిపించే శబ్దాలకి మొదట నిద్ర పట్టదు. చిరుత కూత రంపంతో కర్ర కోసినట్టు వస్తుంది. హైనాది కిందినుంచి పైకి లేచే ఊళ. సింహం గర్జన మైళ్ల దూరం వినిపిస్తుంది కాబట్టి మంచం కిందే ఉన్నట్టనిపించినా చాలాసార్లు అది నది అవతల ఉంటుంది.

నిజంగా గదిలోకి దూరేవి కోతులు. బాల్కనీ తలుపు గడియ పెట్టకపోతే బల్ల మీది పండ్లు, చక్కెర పొట్లాలు, ఒక్కోసారి మందుల డబ్బా కూడా ఎత్తుకుపోతాయి. వాటికి ఏదీ పెట్టకండి. మనిషి చేతి తిండి మరిగిన కోతిని చివరికి చంపాల్సి వస్తుంది.

మేం శాకాహారులం. తిండికి ఇబ్బందా?

ముందే చెబితే ఇబ్బంది లేదు. బుకింగ్ మెయిల్‌లోనే రాయండి: గుడ్డు తింటారా, ఉల్లి వెల్లుల్లి మానేస్తారా, వంట నూనె, సూప్ దేంతో చేయాలి అన్నీ వివరంగా. ఉత్తి వెజిటేరియన్ అంటే చేపలు పెట్టే ప్రమాదం ఉంది. బిల్టాంగ్ అనే ఎండు మాంసం ఎక్కువగా గొడ్డు మాంసమే, చిరుతిళ్ల పళ్లెంలో గింజల పక్కనే పెడతారు కాబట్టి చూసుకోండి. రస్కుల్లో గుడ్డు ఉండొచ్చు.

కూర, పప్పు, అన్నం అక్కడి వంటవాళ్లకి కొత్త కాదు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకి వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల వారసులు డర్బన్‌లో 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. డర్బన్ కూర ఇవాళ ఆ దేశపు సొంత వంట. మొక్కజొన్న పిండితో చేసే పాప్, దాని మీద టమాటా, బీన్స్ వేసి కారంగా చేసే చకలాక అడిగి తినండి. సంగటి ఇష్టపడే రాయలసీమవాళ్లకి పాప్ వెంటనే నచ్చుతుంది. ఆవకాయ తీసుకెళ్లాలనిపిస్తే ప్యాక్ చేసి సీల్ వేసినది తీసుకెళ్లండి. తాజా పండ్లు, పాల పదార్థాలు, మాంసం మాత్రం వద్దు.

మూడు గంటలు బండిలో ఉంటే బాత్రూమ్ సంగతేంటి?

ఆడవాళ్లు అడగడానికి మొహమాటపడి, కాఫీ మానేసి ఇబ్బంది పడే విషయం ఇది. రేంజర్‌కి మెల్లగా చెప్పండి చాలు. సురక్షితమైన చోట ఆపి, ముందు తను వెళ్లి పొద చుట్టూ చూసొచ్చి, తర్వాత మిమ్మల్ని పంపిస్తాడు. ఇది వాళ్లకి రోజూ ఉండే పని. కాగితం అక్కడ పారేయకుండా చిన్న కవరులో వెనక్కి తెచ్చుకోవాలి.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? అమ్మానాన్నలని?

సఫారీ బండిలోకి ఆరేళ్లలోపు పిల్లల్ని చాలా లాడ్జిలు ఎక్కనివ్వవు. కొన్ని లాడ్జిలు పన్నెండేళ్లు దాటినవాళ్లనే తీసుకుంటాయి. నడక సఫారీకి పదహారు. బుక్ చేసేముందే వయసు చెప్పి అడగండి. కుటుంబమంతా వెళ్తుంటే బండి మొత్తం మీకే ఇవ్వమనండి. చిన్నవాళ్లు విసిగినప్పుడు వెనక్కి తిరగొచ్చు, మిగతా అతిథులకీ ఇబ్బంది ఉండదు.

పెద్దవాళ్లకి అసలు కష్టం బండి ఎక్కడం దిగడమే. మెట్టు ఎత్తుగా ఉంటుంది. లాడ్జిలో చిన్న నిచ్చెనో పీటో ఉంటుంది, అడిగితే వేస్తారు. నడుము నొప్పి ఉన్నవాళ్లు వెనక వరుస వద్దు, కుదుపంతా అక్కడే. రేంజర్ వెనకున్న మొదటి వరుసలో కూర్చోబెట్టండి. మెట్లు తక్కువున్న, భోజనశాలకి దగ్గరున్న గది అడగండి.

ఏం బట్టలు, ఏం సామాను?

ఖాకీ, బూడిద, ఆకుపచ్చ లాంటి మట్టి రంగులు. తెలుపు, ముదురు రంగులు వద్దు. చలికాలమైతే స్వెటర్, గాలి ఆపే జాకెట్, మంకీ క్యాప్, గ్లౌజులు. బండిలో దుప్పటి, వేడినీళ్ల సంచి ఇస్తారు. చాలా లాడ్జిల్లో బట్టలు ఉచితంగా ఉతికిస్తారు కాబట్టి మూడు జతలు చాలు.

మంచి బైనాక్యులర్ ఒకటి మనిషికొకటి చొప్పున ఉండాలి. కెమెరా కంటే ఇదే ముఖ్యం. కెమెరా ఉంటే 100-400 లెన్సు సరిపోతుంది. ఫ్లాష్ వద్దు, డ్రోన్ నిషేధం. ఛార్జర్ విషయంలో మనకొక లాభం ఉంది. మన ఇళ్లలో ఏసీకి, గీజరుకి వాడే పెద్ద మూడు పిన్నుల సాకెట్టే అక్కడి గోడల మీద కనిపించేది. చిన్న ప్లగ్గుని దానికి మార్చే అడాప్టర్ ఇక్కడి ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా దొరుకుతుంది.

వేట జరుగుతుంటే రేంజర్ ఆ జింకని కాపాడడా?

కాపాడడు. బండి లైటుని కూడా జింక కళ్లలోకి వేయడు, ఎందుకంటే కళ్లు చెదిరి అది సింహానికి దొరికిపోతుంది. ఎటువైపూ సాయం చేయకపోవడమే నియమం. చూడలేకపోతే చెప్పండి, బండి పక్కకి తీస్తారు. పిల్లలు మనం అనుకున్నదానికంటే ధైర్యంగానే చూస్తారు. ముందు రోజు రాత్రి వాళ్లతో మాట్లాడి ఉంచండి.

ఖడ్గమృగాలకి కొమ్ములు ఎందుకు లేవు?

కోసేశారు. చూడగానే బాధేస్తుంది. కానీ కోయించినవాళ్లు వాటిని ప్రాణంగా చూసుకునేవాళ్లే. క్రూగర్‌లో ఒకప్పుడు పది వేలకు పైగా ఉన్న తెల్ల ఖడ్గమృగాలు పదేళ్లలో మూడు వేల లోపుకి పడిపోయాయి. కొమ్ము కోసం వేటగాళ్లు చంపడమే ప్రధాన కారణం. కొమ్ము మన గోరు లాంటి పదార్థమే. మత్తు ఇచ్చి మొదలు వదిలేసి కోస్తే నొప్పి ఉండదు, మళ్లీ పెరుగుతుంది. కొమ్ములు కోసిన చోట వేట బాగా తగ్గిందని ఆ ప్రాంతంలో జరిగిన అధ్యయనం తేల్చింది.

మీరు చేయాల్సింది ఒకటుంది. ఖడ్గమృగం ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి, ఫలానా లాడ్జి దగ్గర ఈ రోజు చూశామని రాయకండి. వేటగాళ్లు కూడా ఫోన్లు చూస్తారు.

ఈ డబ్బు అక్కడివాళ్లకి చేరుతుందా?

లాడ్జిని బట్టి. సబీ శాండ్ సరిహద్దులోని జస్టీషియా, హంటింగ్టన్, లిలీడేల్ లాంటి ఊళ్లలో చాలా ఇళ్లకి లాడ్జి ఉద్యోగమే ఆధారం. భూమి సంగతి ఇంకా లోతైనది. ఈ అడవుల నుంచి ఒకప్పుడు జనాన్ని వెళ్లగొట్టారు. 2013లో ప్రభుత్వం దాదాపు వంద కోట్ల రాండ్లు (అక్కడి కరెన్సీ) చెల్లించి సబీ శాండ్‌లోని మాలామాలా అనే అభయారణ్యం భూమిని కొని, అక్కడి నుంచి వెళ్లగొట్టబడిన ఎన్‌వండ్లంహారి ప్రజలకి తిరిగి ఇచ్చింది. బుక్ చేసేముందు, మీ దగ్గర పనిచేసేవాళ్లలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎంతమంది, స్థానికుల్లో రేంజర్లుగా ఎదిగినవాళ్లున్నారా అని అడగండి. జవాబు సూటిగా వస్తే మంచి లాడ్జి.

టిప్ ఎంత ఇవ్వాలి?

రేంజర్‌కి ఒక్కో అతిథి తరఫున రోజుకి 10 నుంచి 20 డాలర్లు ఇవ్వడం ఆనవాయితీ, ట్రాకర్‌కి అంతకంటే కాస్త తక్కువ. నాకైతే ట్రాకర్‌కి తక్కువ ఇవ్వడానికి మనసొప్పదు, ఇద్దరికీ సమానంగా ఇస్తాను. వంట, గది పనివాళ్లకి ఉమ్మడి పెట్టె ఉంటుంది. చివరి రోజు రాండ్లలో, విడివిడి కవర్లలో, చేతికే ఇవ్వండి. ఇస్తూ "ఇంకోము" అనండి, షాంగాన్‌లో థాంక్స్ చెప్పేది అలాగే.

బుక్ చేసేముందు లాడ్జిని ఏమేం అడగాలి?

బండిలో ఎంతమందిని ఎక్కిస్తారు? ఆరుగురైతే అందరికీ అంచున చోటు. తొమ్మిదైతే మధ్యలో ఇరుక్కుంటారు. ప్రతి బండికీ ట్రాకర్ ఉంటాడా? మీ బండ్లు ఎంత నేలలో తిరగొచ్చు? సబీ శాండ్ పేరు ఒకటే అయినా లాడ్జికీ లాడ్జికీ హద్దులు వేరు. చిన్న స్థలం ఉన్న లాడ్జి బండి, చిరుత పక్క స్థలంలోకి దాటగానే ఆగిపోతుంది. ఈ మూడింటికీ మంచి జవాబు వస్తే గది కాస్త మామూలుగా ఉన్నా తీసుకోండి.

అంత బడ్జెట్ లేదు. మరి?

క్రూగర్‌లోనే ఉన్న ప్రభుత్వ క్యాంపుల్లో ఉండండి. స్కుకూజా, లోయర్ సబీ, సటారా మూడూ బాగుంటాయి. కారు అద్దెకి తీసుకుని మీరే నడుపుకోవచ్చు. తారురోడ్డు మీద గంటకి 50, మట్టిరోడ్డు మీద 40 కిలోమీటర్లు దాటకూడదు, గుర్తించిన చోట్ల తప్ప కారు దిగకూడదు. క్యాంపువాళ్లు నడిపే పొద్దుటి, రాత్రి సఫారీలకి టికెట్ కొనుక్కోవచ్చు. రెండు మూడు రోజులు అలా తిరిగి, మిగిలిన డబ్బుతో చివర్లో రెండు రాత్రులు సబీ శాండ్‌లో గడపడం చాలా కుటుంబాలకి కుదిరే పద్ధతి. మూడు రాత్రులన్న నా నియమానికి ఇదొక్కటే మినహాయింపు, ఎందుకంటే అప్పటికే మీ కళ్లు అడవికి అలవాటు పడి ఉంటాయి. స్కూలు సెలవుల్లో క్రూగర్ క్యాంపులు నెలల ముందే నిండిపోతాయి, కాబట్టి విమానం టికెట్లకంటే ముందు అక్కడి గది బుక్ చేసుకోండి.